ఆర్మీ ట్రేడ్ సర్టిఫికెట్లు సివిల్ ఉద్యోగాలకి ఎలా పనికొస్తాయి? ఈఎంఈ వెహికల్ మెకానిక్, త్వరలో డిశ్చార్జ్

శ్రీకాకుళం ఫౌజీ:
అందరికీ నమస్తే. నాది శ్రీకాకుళం జిల్లా, ఈఎంఈలో, అంటే ఆర్మీ బండ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో, వెహికల్ మెకానిక్‌ని, హవల్దార్. 17 ఏళ్ళు పూర్తవుతున్నాయి, పిల్లల చదువుల కోసం ఇంక చాలనుకుని వచ్చే ఏడాది పెన్షన్ వచ్చేద్దామని అప్లై చేశాను. విశాఖలో సెటిల్ అవుదామని ఆలోచన. మొన్న లీవ్‌లో వచ్చినప్పుడు రెండు మూడు చోట్ల పని గురించి అడిగాను, ఒక పెద్ద ట్రక్కుల సర్వీస్ సెంటర్‌లో మేనేజర్ బాగానే మాట్లాడాడు గానీ చివరికి ఐటీఐ సర్టిఫికెట్ ఉందా డిప్లొమా ఉందా అని అడిగాడు, నేను టెన్త్ తర్వాత డైరెక్ట్‌గా రిక్రూట్ అయినవాణ్ణి, నా దగ్గర క్లాస్ వన్ (ట్రేడ్‌లో పై గ్రేడ్) సర్టిఫికెట్ ఉంది, సికింద్రాబాద్‌లో చేసిన కోర్సుల కాగితాలున్నాయి, అవి చూపిస్తే ఆయన అటూ ఇటూ తిప్పి చూసి ఇవి మా సిస్టమ్‌లో ఎక్కడ ఎంటర్ చేయాలో తెలీదండీ, కావాలంటే సెక్యూరిటీ సూపర్‌వైజర్ పోస్ట్ ఉంది అన్నాడు. సెక్యూరిటీ పని తక్కువ అని నేననను, మా బ్యాచ్ వాళ్ళు చాలామంది చేస్తున్నారు, ఇళ్ళు నడుస్తున్నాయి. కానీ ఇన్నేళ్ళూ చేతులకి గ్రీజ్ అంటుకున్న పని వదిలేసి గేటు దగ్గర రిజిస్టర్ రాయాలంటే మనసొప్పట్లేదు.

నా డౌట్స్ ఏంటంటే, ఆర్మీ ట్రేడ్‌ని ఐటీఐకి సమానం అని ఎవరు రాసిస్తారు, ఎక్కడికెళ్ళాలి, అది ప్రైవేట్ వాళ్ళు ఒప్పుకుంటారా. రెండోది, 15 ఏళ్ళు దాటితే డిగ్రీతో సమానం అని యూనిట్‌లో అందరూ అంటున్నారు, అది నిజంగా డిగ్రీలాగే పనిచేస్తుందా. మూడోది, బయటికి రాకముందే యూనిట్ నుంచి ఏ కాగితాలు తీసుకోవాలి. ఇప్పటికే బయటికొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

రిటైర్డ్ సుబేదార్, సికింద్రాబాద్:
తమ్ముడూ నమస్తే, నేనూ ఈఎంఈనే. నీ మూడో ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం కాబట్టి ముందు అదే చెప్తా. ఏ కాగితమైనా యూనిఫాం ఒంటి మీద ఉండగా తీసుకోవడం ఒక లెక్క, బయటికొచ్చాక తీసుకోవడం ఇంకో లెక్క. ఇప్పుడైతే నీ క్లర్క్ సాబ్ దగ్గరికెళ్ళి కూర్చుంటే పని అవుతుంది, రేపు ఊళ్ళో కూర్చుని రికార్డ్ ఆఫీస్‌కి ఉత్తరం రాస్తే జవాబు కోసం ఎదురుచూడాలి. నువ్వు చేసిన ప్రతి కోర్సూ, నీ క్లాస్ అప్‌గ్రేడేషన్, సర్వీసులో ఉండగా ఇంటర్ గానీ ఓపెన్ డిగ్రీ గానీ పాసై ఉంటే అదీ, పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే మన సర్వీస్ రికార్డుల్లోకి ఎక్కించే యూనిట్ ఆర్డర్‌లో, పబ్లిష్ అయ్యాయో లేదో ఇప్పుడే చూసుకో. డిశ్చార్జ్ బుక్‌లో రాసేది ఆ రికార్డుల్లో ఉన్నదే, అక్కడ లేనిది ఇక్కడికి రాదు. పేరు స్పెల్లింగ్, నాన్నగారి పేరు, పుట్టిన తేదీ టెన్త్ సర్టిఫికెట్‌తో అక్షరం అక్షరం కలవాలి. మనవాళ్ళకి ఇంటిపేరు ముందా వెనకా అనేదాని మీదే సగం గొడవలు వస్తాయి, సివిల్‌లో వెరిఫికేషన్ టైమ్‌లో అది పట్టుకుంటారు.

ఇక ట్రేడ్ సంగతి. ఢిల్లీలో డీజీఆర్ ఉంది కదా, డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్, ఆర్కే పురంలో, వాళ్ళు సర్వీస్ ట్రేడ్‌కి సివిల్ ట్రేడ్ ఏదో చెప్పే లిస్ట్ ఎప్పటినుంచో పెట్టారు. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయంలో నీ పేరు రిజిస్టర్ చేసుకునేటప్పుడు ఆ లిస్ట్ ప్రకారమే నీ ట్రేడ్ రాస్తారు. గవర్నమెంట్ పోస్టులకి, పీఎస్‌యూలకి (ప్రభుత్వ రంగ సంస్థలకి) ఇది పనికొస్తుంది. కానీ ఒకటి గుర్తుంచుకో, ఆ ఉద్యోగం నోటిఫికేషన్‌లో ఐటీఐ ఉండాలి అని మాత్రమే రాసి, సమానమైన సర్వీస్ ట్రేడ్ చెల్లుతుంది అన్న మాట లేకపోతే వెరిఫికేషన్‌లో కూర్చున్న ఆఫీసర్ ఒప్పుకోకపోవచ్చు, అక్కడ వాదించి ప్రయోజనం ఉండదు. అందుకే నేను అందరికీ చెప్పేది, సమానత్వం కాగితం మీద ఆధారపడకుండా అసలు సర్టిఫికెట్టే సంపాదించు. ఎన్‌సీవీటీ ట్రేడ్ టెస్ట్, అంటే ఐటీఐ వాళ్ళు రాసే జాతీయ స్థాయి పరీక్ష, మాజీ సైనికులు ప్రైవేట్ అభ్యర్థులుగా రాసే దారి ఉంది, మెకానిక్ డీజిల్ గానీ మెకానిక్ మోటార్ వెహికల్ గానీ. విశాఖ అంటున్నావు కాబట్టి కంచరపాలెం ఐటీఐకి వెళ్ళి ప్రిన్సిపాల్‌ని కలువు, ఎప్పుడు నోటిఫికేషన్ వస్తుంది, ఏ కాగితాలు కావాలి అని వాళ్ళే చెప్తారు. ప్రాక్టికల్ నీకు సమస్యే కాదు, థియరీ, వర్క్‌షాప్ లెక్కలు, ఇంజనీరింగ్ డ్రాయింగ్ మాత్రం కూర్చుని చదవాలి, ఐటీఐ పుస్తకాలు తెలుగులో దొరుకుతాయి.

ఇంకోటి ఆర్‌పీఎల్, అంటే నీకు ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం. 2015లో రక్షణ శాఖకీ స్కిల్ శాఖకీ ఒప్పందం అయ్యాక మన ట్రైనింగ్‌లని ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (దేశమంతటా ఒకటే ఉండే నైపుణ్య స్థాయిల పట్టిక) లెవెల్స్‌కి కలపడం మొదలైంది. మీ ఎడ్యుకేషన్ జేసీఓ సాబ్‌ని అడుగు, నీ ట్రేడ్‌కి ఏ లెవెల్ వస్తుందో, ఆటోమోటివ్ స్కిల్ కౌన్సిల్ అసెస్‌మెంట్ ఎప్పుడు పెడుతున్నారో. ప్రైవేట్ వాళ్ళ సిస్టమ్‌లో ఎంటర్ చేయడానికి ఒక నంబర్ ఉన్న కాగితం కావాలి అంతే, ఆ మేనేజర్ తప్పు కూడా కాదు అది.

చివరి ఏడాదిలో డీజీఆర్ రీసెటిల్‌మెంట్ కోర్సుకి వెళ్ళు. జేసీఓలకీ (సుబేదార్ స్థాయి వాళ్ళకీ) ఓఆర్‌లకీ (హవల్దార్ దాకా ఉన్న జవాన్లకీ) ఫీజు మొత్తం డీజీఆరే కడుతుంది. చాలామంది ఏదో ఒకటి, ఇంటికి దగ్గరగా ఉందని తీసుకుంటారు, అలా చెయ్యకు, నీ పనికి పైమెట్టు అయ్యే కోర్సు వెతుక్కో.

హైదరాబాద్ హెచ్‌ఆర్:
సుబేదార్ గారు చెప్పింది వందశాతం కరెక్ట్. నేను రిక్రూట్‌మెంట్ వైపు ఉంటాను కాబట్టి ఇటువైపు ఏం జరుగుతుందో చెప్తాను. మా నాన్నగారు కూడా ఆర్మీనే, పశ్చిమ గోదావరిలో మాధవరం పక్కన మా ఊరు, మిలిటరీ మాధవరం అంటే తెలియని ఫౌజీ ఉండడు కదండీ, చిన్నప్పటినుంచి ఈ బాధ చూసినదాన్ని కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తున్నాను, ఏమనుకోకండి.

మాజీ సైనికుల రెజ్యూమెలు నా దగ్గరికి వచ్చినప్పుడు మొదటి పేజీ మొత్తం యూనిట్ పేర్లు, పోస్టింగ్‌లు, మెడల్స్ ఉంటాయి. చదివే అమ్మాయో అబ్బాయో పాతికేళ్ళ వాళ్ళు, వాళ్ళకి ఎల్‌ఏడీ అంటే యూనిట్‌తో ఉండే చిన్న రిపేర్ వర్క్‌షాప్ అని తెలీదు, క్లాస్ వన్ అంటే ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాడు అనుకుంటారు, హవల్దార్ అంటే పోలీస్ కానిస్టేబుల్ అనుకుంటారు. అన్నయ్యగారూ, మీరు చేసిన పనిని వాళ్ళ షాప్‌లో జరిగే పనిలా రాయాలి. ఉదాహరణకి "ఎల్‌ఏడీలో ఎన్‌సీఓ ఇన్‌చార్జ్‌గా పనిచేశాను" అని ఉంటే దాని బదులు "హెవీ వాహనాలున్న వర్క్‌షాప్‌లో ఇంతమంది మెకానిక్‌లకి సూపర్‌వైజర్‌ని, రోజువారీ జాబ్ కార్డులు, స్పేర్ పార్టుల ఇండెంట్, బండి రోడ్డెక్కేముందు ఇన్‌స్పెక్షన్ నా బాధ్యత" అని రాయండి. ఎంతమంది, ఎన్ని బండ్లు అనేది మీకు నిజంగా ఉన్న అంకె వేయండి. స్టాలియన్ అని రాస్తే సివిల్‌లో ఎవరికీ ఎక్కదు, అది అశోక్ లేలాండ్ బండి అని రాయండి, అశోక్ లేలాండ్ హెవీ ట్రక్కుల మీద ఇన్నేళ్ళు అనగానే సర్వీస్ మేనేజర్ కుర్చీలో ముందుకి జరుగుతాడు. ఎల్‌పీటీఏ అయితే టాటా అని రాయండి. ఎత్తైన చోట, మైనస్ టెంపరేచర్లలో డీజిల్ ఇంజన్ స్టార్ట్ చేయించిన అనుభవం ఉంటే అది రాయండి, అలాంటి అనుభవం ఇక్కడ డబ్బిచ్చినా దొరకదు.

అలాగే ఏం రాయకూడదో కూడా. యూనిట్ ఎక్కడుంది, ఎన్ని ట్యాంకులున్నాయి, గన్నుల వివరాలు, ఇవేవీ వద్దు. పని రాయండి, చోటు రాయొద్దు. రెజ్యూమె వాట్సాప్‌లో ఎంతమందికి పోతుందో మనకి తెలీదు.

ఒక నిజం కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి బయట అమ్ముతున్న ట్రక్కులన్నీ బీఎస్-6, అంటే కొత్త పొగ కాలుష్య ప్రమాణాల బండ్లు. స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్ చదవడం, కామన్ రైల్, సైలెన్సర్ వైపు యూరియా సిస్టమ్, ఇవి సర్వీస్ సెంటర్‌లో రోజూ వచ్చే పని. మీరు ఎక్కువగా పాత బండ్ల మీద చేసి ఉంటే ఇంటర్వ్యూలో ఇక్కడే ఆపుతారు. సుబేదార్ గారు పైమెట్టు కోర్సు అన్నారే, నా దృష్టిలో అది ఇదే, డీజిల్ ఎలక్ట్రానిక్స్, డయాగ్నస్టిక్స్. మెకానికల్ పునాది మీకు ఉంది కాబట్టి ఇది త్వరగా పట్టుకుంటారు, కొత్తగా ఐటీఐ నుంచి వచ్చే కుర్రాళ్ళకి స్కానర్ వచ్చు గానీ గేర్‌బాక్స్ విప్పమంటే భయం.

ఇంకా అడగదల్చుకున్న పోస్ట్ కూడా మార్చండి. మెకానిక్ అని అడిగితే 22 ఏళ్ళ కుర్రాడి జీతం చెప్తారు. వర్క్‌షాప్ సూపర్‌వైజర్, ఫ్లీట్ మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్, ఇలా అడగండి. విశాఖ పోర్టు చుట్టూ, గంగవరం వైపు ట్రక్కుల ఫ్లీట్లు నడిపేవాళ్ళు ఉన్నారు, గనుల్లో భారీ యంత్రాలు నడిపే కాంట్రాక్టర్లు ఉన్నారు, వాళ్ళకి బండి ఆగిపోతే రోజుకి నష్టం లెక్క, సర్టిఫికెట్ కంటే బండి కదిలించే మనిషి కావాలి వాళ్ళకి.

ఏఎస్‌సీ డ్రైవర్, గుంటూరు:
మెకానిక్ గురించి పెద్దలు చెప్పారు, మన డ్రైవర్ సోదరులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళ కోసం రాస్తున్నా. ఆర్మీలో ఇచ్చే డ్రైవింగ్ లైసెన్స్ మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 18 కింద ఇచ్చేది, అది ప్రభుత్వ బండికే, దాంతో బయట లారీ తోలకూడదు. చాలామంది ఇది తెలీక దాన్నే జేబులో పెట్టుకుని తిరుగుతారు. అయితే అదే చట్టంలో సెక్షన్ 9లో ఉంది, సెక్షన్ 18 లైసెన్స్ ఉన్నవాళ్ళు లేదా ఇంతకుముందు ఉన్నవాళ్ళు అదే రకం బండికి సివిల్ లైసెన్స్ అడిగితే డ్రైవింగ్ టెస్ట్ అక్కర్లేదు అని. ఆర్టీఓ ఆఫీసులో బ్రోకర్ ఇది చెప్పడు, టెస్ట్ రాయాలి, డబ్బు కట్టాలి అంటాడు. కాబట్టి డిశ్చార్జ్ అయ్యేముందే మీ మిలిటరీ లైసెన్స్ మీద హెవీ క్లాస్ స్పష్టంగా ఎండార్స్ అయిందో లేదో చూసుకోండి, యూనిట్ నుంచి ఏయే బండ్లు ఎన్నేళ్ళు నడిపారో లెటర్ తీసుకోండి. మెడికల్ సర్టిఫికెట్ ఫారం 1ఏ మాత్రం తప్పదు.

పెట్రోల్ ట్యాంకర్లు నడిపినవాళ్ళయితే బయట కూడా ఆ పనికి గిరాకీ ఉంది, కాకపోతే ప్రమాదకర సరుకు రవాణాకి మూడు రోజుల ట్రైనింగ్ విడిగా చేసి లైసెన్స్ మీద రాయించుకోవాలి, ఆర్మీలో ఎన్నేళ్ళు ట్యాంకర్ తోలినా ఇది చేయాల్సిందే.

రిటైర్డ్ సార్జెంట్, ఎయిర్‌ఫోర్స్, విజయవాడ:
డిగ్రీ సంగతి నేను చెప్తాను, దీని మీద అపోహలు చాలా ఉన్నాయి. టెన్త్ పాసై 15 ఏళ్ళు సర్వీస్ చేసిన మాజీ సైనికుణ్ణి కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టులకి డిగ్రీ అర్హత ఉన్నట్టే చూడాలని 1986 నాటి రూల్ ఉంది. మూడు మాటలు గట్టిగా పట్టుకోండి, కేంద్రం, గ్రూప్ సి, ఇంకా ఆ పోస్టుకి టెక్నికల్ లేదా ప్రొఫెషనల్ అనుభవం తప్పనిసరి కాకూడదు. అంతవరకే. ఆ కాగితం పట్టుకుని ఎంఏకో ఎంబీఏకో వెళ్తే సీటు ఇవ్వరు, గ్రూప్ ఏ ఆఫీసర్ పోస్టులకి చెల్లదు, ప్రైవేట్ కంపెనీలకి ఆ రూల్‌తో సంబంధమే లేదు. మన రాష్ట్రాల్లో ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ మాజీ సైనికులకి 2 శాతం రిజర్వేషన్ ఉంది, కానీ అక్కడ డిగ్రీ అడిగిన పోస్టుకి ఈ కాగితం చెల్లుతుందో లేదో ఆ నోటిఫికేషన్ చదివే తేల్చుకోవాలి, ఊహించుకుని ఫీజు కట్టొద్దు.

కేంద్రంలో అయితే గ్రూప్ సిలో 10 శాతం, పీఎస్‌యూలూ బ్యాంకుల్లో ఆ స్థాయి పోస్టులకి 14.5 శాతం, అందులో 4.5 శాతం యుద్ధంలో గాయపడినవాళ్ళకి, అమరుల కుటుంబాలకి. వయసులో సర్వీస్ మొత్తం తీసేసి ఇంకో 3 ఏళ్ళు కూడా ఇస్తారు, కాబట్టి 37, 38 ఏళ్ళకి బయటికొచ్చినా వయసు భయం అక్కర్లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటా వాడుకుని ఒక సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగంలో చేరిపోయాక మళ్ళీ అదే కోటా ఇంకోదానికి రాదు. అయితే చేరకముందే అప్లై చేసిన పోస్టుల వివరాలు చేరిన వెంటనే కొత్త ఆఫీసులో డిక్లరేషన్‌గా ఇస్తే వాటికి హక్కు ఉంటుంది, 2014 ఆగస్టులో డీఓపీటీ (కేంద్ర సిబ్బంది శాఖ) ఇచ్చిన ఆర్డర్ అది. చిన్న పోస్ట్ దొరికింది కదా అని చేరి, ఆ ఒక్క కాగితం ఇవ్వక పెద్ద పోస్ట్ పోగొట్టుకున్నవాళ్ళని చూశాను, చాలా బాధేస్తుంది.

నా సలహా ఏంటంటే ఇంకా సర్వీసులో ఉన్నవాళ్ళు నిజమైన డిగ్రీనే చేసెయ్యండి. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళకి ఆంధ్రా యూనివర్సిటీతో ఒప్పందం ఉంది, డిప్లొమా, డిగ్రీ కోర్సులకి. ఇక ఎయిర్‌క్రాఫ్ట్ టెక్నీషియన్లయితే దారి వేరు, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్స్ మాడ్యూల్ పరీక్షలు పాసవ్వాలి, మిలిటరీ విమానాల మీద చేసిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారు కానీ సివిల్ విమానాల మీద కొంత కాలం అదనంగా చేయాలి. శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ యూనిట్ ఉంది కాబట్టి మనవాళ్ళు ముంబై, ఢిల్లీ దాకా పోకుండా హైదరాబాద్‌లోనే చూసుకోవచ్చు. మాడ్యూల్స్ సర్వీసులో ఉండగానే రాయడం మొదలుపెట్టండి, బయటికొచ్చి ఇంటి ఖర్చుల మధ్య రాయడం చాలా కష్టం.

విజయనగరం అక్క:
మా తమ్ముడు అగ్నివీర్ అండీ, 2023 మొదటి బ్యాచ్. నాలుగేళ్ళు అయిపోతున్నాయి, పర్మనెంట్ అవుతాడో లేదో తెలీదు, ఇంట్లో అమ్మ రోజూ అదే బెంగ. మీరందరూ 15 ఏళ్ళు 17 ఏళ్ళు అంటున్నారు, నాలుగేళ్ళ వాడికి ఏ కాగితం వస్తుంది? వాడూ టెన్త్ తర్వాతే వెళ్ళాడు.

రిటైర్డ్ సుబేదార్, సికింద్రాబాద్:
అమ్మా, బెంగ పడొద్దు, కానీ చెప్పే మాట జాగ్రత్తగా విను. 15 ఏళ్ళ డిగ్రీ రూల్ వాడికి వర్తించదు, అది ఎవరైనా చెప్పినా నమ్మొద్దు. వాళ్ళకి వేరే ఏర్పాటు ఉంది. టెన్త్‌తో చేరినవాళ్ళకి ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారా ఇంటర్‌కి సమానమైన సర్టిఫికెట్ ఇచ్చే పథకం పెట్టారు. తర్వాత ఇగ్నో (ఓపెన్ యూనివర్సిటీ) మూడేళ్ళ డిగ్రీ, అందులో సగం క్రెడిట్లు వాడు ఆర్మీలో నేర్చుకున్న ట్రైనింగ్‌కే ఇస్తారు, మిగతా సగం చదివి పరీక్షలు రాయాలి. బయటికొచ్చేటప్పుడు నేర్చుకున్న పనులు రాసిన స్కిల్ సర్టిఫికెట్ కూడా ఇస్తారు. వాడు ఎన్‌ఐఓఎస్‌కీ ఇగ్నోకీ ఎన్‌రోల్ అయ్యాడో లేదో ఈ రాత్రే ఫోన్ చేసి అడుగు. కుర్రాళ్ళు డ్యూటీ అలసటలో ఇవి వాయిదా వేస్తారు. నాలుగోవంతు మందినే ఉంచుతామని మొదటినుంచీ చెప్పారు కాబట్టి వీడు ఉంటాడనే ఆశతో చదువు ఆపకూడదు. సీఏపీఎఫ్‌లలో, అంటే సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో, అగ్నివీర్లకి విడిగా రిజర్వేషన్ ఉంది, ఆ నోటిఫికేషన్లు చూస్తూ ఉండమను.

మెడికల్ వైపు వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకీ ఒక మాట. నర్సింగ్, ఫార్మసీ లాంటి పనులకి స్టేట్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చట్టప్రకారం కావాలి. మిలిటరీ హాస్పిటల్‌లో ఐసీయూ చూసుకున్నా సరే, కౌన్సిల్ నంబర్ లేకుండా బయట ఆ పోస్ట్‌లో పెట్టుకోరు. కాబట్టి మీ కోర్సు కౌన్సిల్ గుర్తించినదో కాదో సర్వీసులో ఉండగానే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఈ విషయంలో ప్రభుత్వం ఇంకా చేయాల్సింది చాలా ఉందని నా అభిప్రాయం, యుద్ధంలో ప్రాణాలు కాపాడిన చేతులు ఊరి ఆసుపత్రిలో పనికిరాకపోవడం అన్యాయం, దీని గురించి సైనిక్ బోర్డు మీటింగుల్లో అందరం గట్టిగా అడగాలి.

శ్రీకాకుళం ఫౌజీ:
అందరికీ చేతులెత్తి దండం. సుబేదార్ సాబ్, పార్ట్ టూ ఆర్డర్ల మాట చదివి ఇవాళే క్లర్క్ దగ్గర చూపించుకున్నాను, సికింద్రాబాద్‌లో చేసిన ఒక కోర్సు నిజంగానే ఎక్కలేదు, సర్టిఫికెట్ కాపీ ఇచ్చాను, పబ్లిష్ చేయిస్తామన్నారు. హెచ్‌ఆర్ అక్కా, మీరు చెప్పినట్టు రెజ్యూమె మళ్ళీ రాయడం మొదలెట్టాను, మా వర్క్‌షాప్‌లో నా కింద పదకొండు మంది ఉన్నారని ఇప్పటిదాకా ఎక్కడా రాయనేలేదు. సార్జెంట్ గారూ, గ్రూప్ సి వైపు కూడా అప్లై చేస్తాను, డిక్లరేషన్ మాట రాసి పెట్టుకున్నాను. ఒక్కటే డౌట్ మిగిలింది, డీజీఆర్ కోర్సూ ఎన్‌సీవీటీ టెస్టూ రెండూ ఒకే ఏడాదిలో పడితే ఏది వదలాలి?

హైదరాబాద్ హెచ్‌ఆర్:
డీజీఆర్ కోర్సు వదలకండి అన్నయ్యగారూ, అది సర్వీసులో ఉన్నప్పుడే జీతంతో పాటు వచ్చే అవకాశం, మళ్ళీ అలా దొరకదు. ట్రేడ్ టెస్ట్ పెన్షన్ వచ్చాక కూడా రాయొచ్చు. రెజ్యూమె అయ్యాక యూనిట్ పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి దిద్దిపెడతాను.